ఆకుపచ్చ టిక్కు

వట్లూరులో దేవసహాయం మాస్టారు పొద్దున్నే ప్రార్థన కాగానే, చనిపోయిన భార్య కుట్టిన గుడ్డను కంప్యూటర్ మీంచి తీసి మడుస్తారు. ఫ్రీ యాంటీవైరస్‌తో స్కాన్ పెట్టి, ఆకుపచ్చ టిక్కు కనబడేదాకా కాఫీ ముట్టరు. ఎర్ర హెచ్చరిక వస్తే చదవరు; అన్నీ డిలీట్ చేసే బటన్ నొక్కేస్తారు. మొన్న చర్చిలో పాటలు పాడే నిస్సీ పెన్‌డ్రైవ్ తెచ్చింది.

"అమ్మగారు చివరి క్రిస్మస్‌కి పాడిన పాటండీ. నా ఫోన్ పాడైపోయింది, ఇదొక్కటే మిగిలిందండీ."

మాస్టారు పెన్‌డ్రైవ్ కంప్యూటర్‌కి పెట్టారు. తెర ఎర్రబడింది. అలవాటైన వేలు ఆగలేదు.

"అయ్యో, ఒక్కసారి చదవాల్సిందండీ!"

పెన్‌డ్రైవ్ ఖాళీ అయింది. తెర మీద ఆకుపచ్చ టిక్కు వచ్చింది. మీ కంప్యూటర్ క్షేమం అంది. మర్నాడు పొద్దున్న మాస్టారు మళ్లీ స్కాన్ పెట్టారు. పోవడానికి ఆ కంప్యూటర్‌లో ఇంకేమీ లేదు.