నలభై సెకన్ల అలవాటు

ఆ, మొన్న రాసినప్పుడు మిషనక్క కుట్టిన సంచుల దగ్గర ఆగాం కదూ. మా బిల్డింగులో ఇరవై ఇళ్ళకీ కుట్టింది ఆవిడే. నీళ్ళ సీసా, టార్చి, మందులు, కాగితాలు, దేని అర దానికే. మా ఊళ్ళో నేల వణకడం మామూలే, చిన్నాచితకా వాటికి తలెత్తి కూడా చూడం. పెద్దది ఎప్పుడొస్తుందోనని మాత్రం ఆ సంచి గుమ్మం పక్కన కొక్కేనికి వేలాడుతూనే ఉంటుంది.

మిషనక్కది నాలుగో అంతస్తు. ఒకటే గది. కుట్టుమిషను, గోడకి బిగించేసిన బీరువా, కిటికీకి దూరంగా వాళ్ళమ్మ మంచం. పెద్దావిడకి పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. నోరు మాత్రం దివ్యంగా పనిచేస్తుంది, కూతురు వేసిన ప్రతి కుట్టుకీ వంక పెడుతుంది.

నెలకోసారి అందరం కిందికి పరిగెత్తడం ప్రాక్టీసు చేస్తాం. ఈల వేసేదాన్ని నేనే, సెకన్లు లెక్కపెట్టేదాన్నీ నేనే. ముప్పై ఏళ్ళు బడి పిల్లల్ని పరిగెత్తించిన చేయి కదా, రిటైరైనా ఊరుకోదు. మొదటిసారి పెద్దావిణ్ణి దుప్పట్లో మోసుకొచ్చేసరికి పదకొండు నిమిషాలైంది. మెట్టు మెట్టుకీ మూలిగింది పాపం. నెలనెలా ఈ హింసెందుకు, ముందే తీరిగ్గా దింపి వాకిట్లో కుర్చీలో కూర్చోబెట్టెయ్, ఆ తర్వాతే ఈల వేస్తానని మిషనక్కకి సలహా ఇచ్చాను. నా తెలివికి నేనే మురిసిపోయాను. ఆరేళ్ళు అలాగే జరిగింది. పెద్దావిడ కుర్చీలో కూర్చుని మా పరుగులకి మార్కులు వేసేది. మిషనక్కకి చెప్పులు, సంచి, తలుపు, మెట్లు, మొత్తం నలభై సెకన్లు. ఎప్పుడూ ఫస్టే.

పోయిన మంగళవారం మధ్యాహ్నం నిజంగానే ఊగింది. నేను కునుకులోంచి తేరుకుని పడుతూ లేస్తూ వాకిట్లోకి వచ్చేసరికి మిషనక్క అప్పటికే అక్కడుంది. కాళ్ళకి చెప్పులు, భుజానికి సంచి. నన్ను చూసి నవ్వింది కూడా. అంతలో ఆవిడ చూపు కుర్చీ వేసే చోటికి వెళ్ళింది. అక్కడ ఏమీ లేదు. మెట్లు ఇంకా ఊగుతుండగానే పైకి పరిగెత్తింది.

పెద్దావిడకి చిన్న గీత కూడా పడలేదు. ఒంటినిండా సున్నం రాలి తెల్లగా ఉందంతే. కూతుర్ని చూసి, "నా మందులు తీసుకెళ్ళావుగా, మంచి పని చేశావు" అందట. అది వెక్కిరింపో ఓదార్పో మిషనక్కకి ఇప్పటికీ తెలియదు. అడిగే ధైర్యమూ లేదు.

ఆ రోజు నుంచి మిషను తిరగలేదు. నిన్న వెళ్ళి చూస్తే తన మణికట్టునీ తల్లి మణికట్టునీ నాడాతో కలిపి కట్టేసుకుని నేలమీద కూర్చునుంది. కళ్ళు పీక్కుపోయాయి.

"సంచి బరువు తెలిసింది టీచరుగారూ. అమ్మ పక్కన లేదన్నది తెలియలేదు. మళ్ళీ ఊగితే ఈ కాళ్ళు నా మాట వింటాయా?"

పెద్దావిడ గోడవైపు తిరిగి, "ఆ ముడి విప్పమనండి దాన్ని. నన్నొదిలేసి పొమ్మనే కదా చెప్తున్నాను" అంది.

మిషనక్క ముడి ఇంకాస్త బిగించింది.

ఆ కాళ్ళకి అలవాటు చేసింది నేనే. ఎన్నిసార్లు ప్రాక్టీసు చేసినా ఆ పదకొండు నిమిషాలు నలభై సెకన్లకి తగ్గవు. వాళ్ళు ఉండాల్సింది కింద. కింది అంతస్తులో నా పక్క గది మూడేళ్ళుగా పాత సామానుతో తాళం వేసుంది. బిల్డింగు మా మరిదిది. ఒక మాట పట్టింపుతో ఏడేళ్ళుగా మా ఇద్దరికీ మాటల్లేవు. తిడితే పడతాను, ఫోను పెట్టేస్తే మళ్ళీ చేస్తాను. భోజనం చేసి పడుకునే మనిషి, ఆలోపే దొరకాలి. ఈ కలం పక్కన పెట్టి అతనికి ఇప్పుడే ఫోన్ చేస్తాను.