ఒకరు తక్కువ

అప్పట్లో నాది సెల్ టవర్లు నిలబెట్టే ఉద్యోగం. మే నెలలో వనపర్తి బస్సెక్కి వెనక సీట్లో కూర్చున్నాను. ముందు సీట్లో ఒక బడిపంతులు.

"మీదే భోగం సార్. నలభై తొమ్మిది దినాలు సెలవులు," అన్నాడు కండక్టరు.

నాకు వారానికి ఒక ఆదివారం, అదీ సగమే. కడుపు మండింది.

పెబ్బేరులో నీళ్లకు దిగి తిరిగొచ్చేసరికి బస్సు కదిలిపోయింది. ఆఫీసు పరికరాల సంచి అందులోనే ఉంది. అంతలో కొంచెం దూరంలో ఆగింది. పరుగెత్తి ఎక్కాను.

"సారు అందర్ని లెక్కవెట్టి, ఒకరు తక్కువైండ్రని ఆపిచ్చిండు," అన్నాడు కండక్టరు.

పంతులు సిగ్గుపడ్డాడు. "అలవాటు తమ్మీ. సెలవులల్ల గూడ పోదు."

నేను రాకపోతే మా ఆఫీసులో సాయంత్రం దాకా ఎవరూ గమనించేవాళ్లు కాదు. ఆయన సెలవుల మీద ఈర్ష్య ఆ రోజే పోయింది. ఆయన బడి పిల్లల మీద మాత్రం ఇంకా ఉంది.