వదిన కుట్టిన కాయితాలు

మా వదిన పోయిందని కోరుట్ల నుంచి ఫోను వచ్చినప్పుడు నేను జగిత్యాల బస్టాండులో చాయ్ తాగుతున్నాను. సగం చాయ్ వదిలేసి బస్సెక్కాను. తీరా వాకిట్లో జనాన్ని చూశాక, ఏడుపు కంటే ముందు కడుపులో మంట లేచింది. మల్లాపూర్ నుంచి, రుద్రంగి నుంచి, అంత దూరం సిరిసిల్ల నుంచి కూడా వచ్చారు. నేను పోతే ఇందులో పావు వంతు రారు. చనిపోయిన మనిషి మీద ఈర్ష్య పడేవాణ్ని మీరు చూసి ఉండరు. నన్ను చూడండి.

వదిన బీడీలు చుట్టేది. అక్షరం ముక్క రాదు. నాకేమో బడికి పోకుండానే చదువు వచ్చింది. బస్సు బోర్డులు చూసి నేర్చుకున్నాను. నేను కూడబలుక్కున్న మొదటి మాట ‘వయా’. దాని అర్థం తెలిసేలోగా రెండుసార్లు వేరే ఊళ్లో దిగాను. సరే, అది వేరే కథ. గల్ఫ్‌కు పోయేవాళ్ల ఫారాలు, వాళ్ల ఇళ్లకు ఉత్తరాలు అన్నీ నేనే రాసేవాణ్ని. వాడకట్టులో నాకంటూ ఒక కుర్చీ, కాస్త మర్యాద ఉండేవి.

ఆ మర్యాద వదిన వైపు జరిగింది మా అన్న పోయాకే. అన్న గల్ఫ్‌లోనే, పనిలో ఉండగా, గుండె ఆగి పోయాడు. పాస్‌పోర్టు కంపెనీ దగ్గర ఉంది, కంపెనీ మూతబడింది. ఫోనులో మన రాయబార కార్యాలయం వాళ్లు పాస్‌పోర్టు నంబరు చెప్పమన్నారు. ఇంటినిండా నేను రాసిన ఉత్తరాలే గాని ఒక్కదాంట్లోనూ నంబరు లేదు. శవం ఇల్లు చేరడానికి రెండు నెలలు పట్టింది. వదిన నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండేది.

ఆ తర్వాత ఎవరు ప్రయాణమైనా వదిన ఒళ్లోని బీడీల చేట పక్కన పెట్టి లేచేది. పాస్‌పోర్టుకు మూడు జిరాక్సులు తీయించేది. ఒకటి ప్లాస్టిక్ కవర్లో మడిచి, ప్యాంటు నడుము పట్టీ లోపల తనే కుట్టేది. ఒకటి ఇంట్లో, ఇంకొకటి పక్క ఊరి చుట్టాలింట్లో.

“ఒక్క ఇంట్ల పెడితె ఎలుక తింటది, ఒక్క ఊర్ల పెడితె వాన తింటది” అనేది.

ఫారం నింపినందుకు నాకు చాయ్ తాగించేవాళ్లు. ఆమెకు మాత్రం కాళ్లు మొక్కి మరీ బస్సెక్కేవాళ్లు.

ఫోన్లు వచ్చి ఉత్తరాలు పోయాయి. నేనూ గల్ఫ్ దారి పట్టాను. ముందురోజు వదిన సూదీ దారంతో వచ్చింది.

“ప్యాంటియ్యి మరిదీ.”

“నాకక్కర లేదు వదినా. నంబరు నోటికొచ్చు.”

“నీకు నోరున్నదని ఊరందరికి ఎరుకే. కాయితం అడుగుతె ఏం జేస్తవ్?”

“చదువుకున్నోనికి కాయితమెందుకు?”

ఆమె నవ్వి వెళ్లిపోయింది.

రెండేళ్లకు మా యజమాని పాస్‌పోర్టులతో సహా మాయమయ్యాడు. కాయితాలు లేనివాళ్లు శిక్ష లేకుండా వెళ్లిపోవచ్చని ఆ దేశం గడువు ఇచ్చింది. గడువు దాటితే జైలే. ఇంకా మూడు రోజులుందనగా, మన రాయబార కార్యాలయం కిటికీ ముందు నిలబడి నంబరు గడగడా చెప్పాను. లోపలి మనిషి తలెత్తలేదు.

“నంబరు ఎవడైనా చెప్తాడు. కాపీ ఉందా?” అన్నాడు హిందీలో.

పక్క వరుసలో ఒక సిరిసిల్ల మనిషి ప్యాంటు చేత్తో పట్టుకుని, లుంగీ చుట్టుకుని నిలబడి, నడుము పట్టీ కుట్లు పళ్లతో కొరుకుతున్నాడు. ఆ కుట్లు ఎవరివో నాకు తెలుసు.

ఇంటికి ఫోను చేశాను. నా భార్య తొణకలేదు.

“అక్క కాడ ఉన్నది. నువ్వు పోయెనాడు తానం జేస్తుంటె నీ పాస్‌పోర్టు తీస్కపోయి జిరాక్స్ తీపిచ్చింది” అంది.

కోరుట్ల నుంచి ఆ సాయంత్రమే ఫ్యాక్సు వచ్చింది. గడువులోపల నేను బయటపడ్డాను. చదువు రాకుండా అన్ని కాయితాల్లో నాది ఎట్లా పట్టుకున్నావని వచ్చాక వదినను అడిగాను.

“ఫోటో చూసిన. గంత మిడిసిపాటు మొకం ఇంకెవలిది?” అంది.

జైలు తప్పిందే గాని, నా కథ నాది కాకుండా పోయింది. వాడకట్టులో ఎవరు చెప్పినా అది వదిన కథే. అందులో నేను స్నానం చేస్తుండే మనిషిని, అంతే. ఆ ఉక్రోషంతోనే ‘నీ వల్ల ఇల్లు చేరిన’ అని ఆమెతో ఏనాడూ అనలేదు. ఆమె అడగలేదు. ఇప్పుడు అనాలని ఉంది, వినే మనిషి లేదు.

పదకొండో రోజు భోజనాలు అయ్యాక, మల్లాపూర్ నుంచి ఒక కొత్త కోడలు వచ్చింది. చేతిలో భర్త ప్యాంటు, మడత పెట్టిన జిరాక్సు. అతనికి ఎల్లుండి ప్రయాణమట.

“పెద్దవ్వ ఉన్నదా?” అని అడుగుతూనే దండ వేసిన ఫోటో చూసి ఆగిపోయింది.

“నాకియ్యి బిడ్డా. నేను చదువుకున్నోన్ని” అన్నాను.

“సదివిపిచ్చుకోను గాదు తాతా, కుట్టిపిచ్చుకోను అచ్చిన” అంది, నెమ్మదిగానే.

ప్యాంటు వదిన కూతురు అందుకుంది. లోపలికి పోయి సూదీ దారం తెచ్చి నా చేతిలో పెట్టింది.

“ఏడ్సి ఏడ్సి కండ్లు ఆనుతలేవు. దారం ఎక్కియ్యి చిన్న బాపు.”

దారం కొస తడిచేసి, సూదిని వెలుతురుకెత్తి పట్టాను. బెజ్జం నాకూ కనబడలేదు. ఆ మాట చెప్పబుద్ధి కాలేదు. కొత్త కోడలు నడుము పట్టీని రెండు చేతులా తెరిచి పట్టుకుని, నా వేళ్ల వైపే చూస్తూ నిలబడింది.