మగ్గం గుంతలో దూది

నా చిన్నప్పుడు ధర్మవరంలో మా ఇంట్లో ఒక గుంత మగ్గమూ, ఒక పొమరేనియన్ కుక్కపిల్లా ఉండేవి. రెండింటికీ పొసగలేదు. మగ్గం ముందునుంచీ ఉన్నది కాబట్టి, ఇల్లు వదలాల్సివస్తే ఎవరు వదలాలన్న దాంట్లో మా నాయనకు పెద్దగా అనుమానాలు లేవు.

కుక్కపిల్లను సోమందేపల్లె నుంచి చేతిసంచిలో పెట్టుకుని మా మామ బస్సులో తెచ్చాడు. "మంచి జాతి కుక్క పాపా, ఇంటికి కాపలా ఉంటాది" అన్నాడు. సంచిలోంచి తీస్తే గుప్పెడు తెల్లటి బొచ్చు, అందులో రెండు కళ్లూ ఒక ముక్కూ. దొంగ వస్తే ఎత్తుకుని ముద్దాడి పోయేంత కాపలా. పట్టు నేసే ఇల్లని కూడా చూడకుండా దానికి దూది అని పేరు పెట్టాను.

గుంత మగ్గం నేసేవాళ్లు నేలమీద కూర్చుని, కాళ్లు గుంతలోకి వదిలి కింది పలకలు తొక్కుతారు. అక్కడ పైకీ కిందికీ ఆడే నాయన బొటనవేలు దూది దృష్టిలో వేటాడదగిన జంతువు. రోజూ గుంతలోకి దూకేది. నాయన కాలు అదిరేది, పైన పట్టు పోగులు తెగేవి. వాటిని వెతికి ముడివేసేసరికి పూట గడిచేది. ఒకరోజు పెండ్లిచీర మీద అదే జరిగింది. నాయన కేకలు వేయలేదు. "ఈ చీర మగ్గం దిగేలోపల ఇది చెప్పిన తావున కూచోవల్ల. లేకుంటే మీ మామకు చెప్పంపిస్తా, సంచి తీసుకొని రమ్మని" అన్నాడు, అంతే.

నేను పాఠం మొదలుపెట్టాను. మా బడిలో అయివారి పద్ధతే నాకు తెలిసిన పద్ధతి. "కూచో!" అన్నాను. వినకపోతే ఇంకా గట్టిగా అన్నాను. నడుము పట్టి నేలకు నొక్కితే, చెయ్యి తీయగానే లేచేది. నా అరుపులను మెచ్చుకోలుగా తీసుకుని తోకాడిస్తూ నా చుట్టూ తిరిగేది. చివరికి పక్కింటి అక్క గోడ మీదుగా తొంగిచూసి, "ఏం పాపా, పొద్దన్నుంచీ కూచో కూచో అంటాండావు. మేమంతా ఎప్పుడో కూచున్నాము, ఇంక ఊరుకో తల్లీ" అంది.

చీర ముగింపుకొచ్చింది. నేను గడప మీద ఏడుస్తూ కూర్చున్నాను. నాయన మగ్గం ఆపి, కాళ్లు పైకి తీసి, నాలుగు వేయించిన బుడ్డలు ఒలిచాడు. మా వైపు వేరుశనక్కాయలను అలాగే అంటాం. ఒక పప్పు బద్దను దూది ముక్కు దగ్గర పెట్టి, మెల్లగా తలమీదుగా వెనక్కి జరిపాడు. పప్పుకోసం తల లేచింది. తల లేస్తే నడుము దానంతటదే నేలకు ఆనింది. ఆనిన క్షణానే నాయన నాలుకతో టక్కుమనిపించి, పప్పు దాని నోట్లో పెట్టాడు. అలా మళ్లీ మళ్లీ. ఉత్త చెయ్యి కదిలినా అది కూర్చోవడం మొదలయ్యాక మాత్రం, చెయ్యి కదిపే ముందు "కూచో" అన్నాడు. ఒక్కసారే.

ఆ టక్కు నేను బాగా ఎరుగుదును. బడి నుంచి వచ్చాక నేను నాయన పక్కన కూర్చుని, చీర అంచుకోసం పట్టు దారం చుట్టిన నాడెను పోగుల మధ్యగా విసిరేదాన్ని. అది నేర్చుకునే రోజుల్లో సరిగ్గా విసిరినప్పుడల్లా టక్కుమనేది, అరచేతిలో ఒక పప్పు పడేది. తప్పు విసిరితే ఏమీ పడేది కాదు.

"నాయనా, నాకు కుక్కకు నేర్పినట్ల నేర్పినావా?" అని అడిగాను, కాస్త పౌరుషంగానే.

"కాదు పాపా. కుక్కకే నీకు నేర్పినట్ల నేర్పుతాండా" అన్నాడు. "ఒకసారి చెప్పు, చాలు. దానికి చెవులు బాగుండాయి. చెప్పినాక గమ్మునుండు. అది ఆలోచన చేసుకోవల్ల కదా."

దూదికి కూర్చోవడం ఆ సాయంత్రానికే వచ్చేసింది. నాకు గమ్మునుండటం రావడానికి ఇంకొంచెం ఎక్కువ పట్టింది.

చీర దిగే రోజు, నాయన ముందే పంపిన కబురు అందుకుని మామ రానే వచ్చాడు, సంచి చంకలో పెట్టుకుని. నాయన చివరి బెత్తెడు నేస్తున్నాడు. దూది ఉన్నట్టుండి గుంతవైపు పరుగు తీసింది. నా గొంతులో పది కూచోలు వరుసకట్టాయి. ఒకటి బయటికి వదిలి మిగతావి మింగాను. దూది గుంత అంచున ఆగింది. బొటనవేలును చూసింది. నన్ను చూసింది. బొటనవేలును మళ్లీ చూసింది. మామ ఏదో అనబోతే నాయన చెయ్యెత్తి ఆపాడు. దూది ఆలోచన ముగించుకుని, కూర్చుంది.

మగ్గం దగ్గర టక్కుమంది. దూది నోరు తెరిచింది. అలవాటు కొద్దీ నేను చెయ్యి చాపాను. నాయన చెరొక పప్పు ఇచ్చి మళ్లీ నేతలో పడ్డాడు. మామ ఉత్త సంచితో బస్సెక్కాడు.

తర్వాత నేను కాలేజీలో చదివి, కాలేజీలోనే పాఠాలు చెప్పి రిటైరయ్యాను. మొన్న మా మనవరాలు కొత్త కుక్కపిల్లకు ఫోనులో చూసి పాఠాలు చెబుతూ ఇల్లెగిరిపోయేలా అరుస్తుంటే, "ఒకసారి చెప్పి చూడమ్మా" అన్నాను. ఇంకో నాలుగుసార్లు అనాలనిపించింది, అనలేదు. ఎదుటివాళ్లు ఆలోచించుకునే ఆ కాస్తసేపు నోరు మూసుకుని ఉండటం మా నాయన ఇచ్చిన విద్య. దూదికి అబ్బినంత బాగా నాకు అబ్బలేదు గానీ, సాధన చేస్తున్నాను.