ఆకుపచ్చ దాటని వెలిజార్

వెలిజార్‌కు దేవుడంటే గౌరవం, అత్తగారంటే జాగ్రత్త. భయమంటూ ఉన్నది మాత్రం ఒక్క ఎరుపు రంగంటేనే. నీష్ పట్నంలో కరెంటు లెక్క మూడు రంగుల్లో వస్తుంది. పొదుపుగా వాడినవాడికి ఆకుపచ్చ, మామూలువాడికి నీలం, ఒళ్లు తెలియకుండా వాడినవాడికి ఎరుపు. ఎరుపు కనబడితే ఎద్దు మీదికొస్తుంది, వెలిజార్ పారిపోతాడు అని వీధిలో అనుకునేవారు. నీలాన్ని కూడా ఆయన ఎరుపుకు తమ్ముడిగానే చూసేవాడు.

జూలైలో నలభై రెండు డిగ్రీలు కాసిన రోజున కూడా ఆ ఇంటి గోడమీది ఏసీ నోరు తెరవలేదు. అది భార్య రాడోయ్కా తన సొంత డబ్బుతో కొన్న ఏసీ. రిమోటు మాత్రం వెలిజార్ చొక్కా జేబులో ఉండేది. పడుకునే ముందు పైజామా జేబులోకి మారేది.

"ఒక్క గంట వేస్తే ఏం పోతుందయ్యా?"

"మెడ పోతుంది. ఏసీ అంటే ఏమనుకున్నావే? రెండు కిటికీల మధ్య దూరే గాలి! మా మేనమామ దానికే పోయాడు."

"మీ మేనమామ ట్రాక్టరు బోల్తాపడి పోయాడు."

"ఆ ట్రాక్టరుకు కిటికీలు రెండువైపులా తెరిచే ఉన్నాయి మరి!"

ఈ వాదానికి నీష్‌లో తిరుగులేదు. అక్కడ మెడ పట్టినా, పన్ను సలిపినా నేరం ఆ గాలిదే.

పొద్దున్న ఏడింటికే ఆయన కిటికీ రెక్కలన్నీ మూసి, తడి దుప్పట్లు కట్టేవాడు. ఆ చీకట్లో పట్టపగలే పిల్లి గోడకు గుద్దుకునేది. రాడోయ్కా ఫ్రిజ్ తెరిస్తే చాలు, నీళ్ల తొట్టిలో కాళ్లు పెట్టుకుని కూర్చున్నవాడు అక్కడినుంచే అరిచేవాడు.

"తలుపు తీసి ఆలోచించకు! ఆలోచన సోఫాలో చెయ్, పెరుగు ఫ్రిజ్‌లో తియ్!"

రాడోయ్కా చివరికి మొగుడికి గడువు పెట్టింది. "ఇలియా ప్రవక్త పండుగ లోపల ఏసీ వెయ్యకపోతే కొండమీద మా చెల్లెలింటికి పోతాను. సెప్టెంబరు దాకా రాను. చలికాలం పచ్చడికి నీ మిరపకాయలు నువ్వే కాల్చుకో."

ఈలోగా బిల్లు వచ్చింది. ఆకుపచ్చ అంచుదాకా నిండింది. ఇంకో చుక్క పోస్తే నీలం. ఆ ఇంట్లో వాడకం చూస్తే సగానికి కూడా రాకూడదు.

"ఇంత కరెంటు ఎక్కడ కాలిందయ్యా?"

వెలిజార్ పైకప్పు చూశాడు. "మీటరుకు ఎండ తగిలి ఉంటుంది."

ఆగస్టు రెండున పండుగ రానూ వచ్చింది, ఏసీ నోరు తెరవలేదు. రాడోయ్కా సంచి సర్దుకుని, బాల్కనీలో పూలకుండీలకు చివరిసారి నీళ్లు పోయబోయింది. కుండీల వెనక ఒక తెల్లటి వైరు కనిపించింది. ఒక కొస వాళ్ల వంటింటి ప్లగ్గులో ఉంది. రెండోది కమ్మీలు దాటి పక్కింట్లోకి దూరింది. పక్కిల్లు స్పసేనియా టీచరమ్మది. జూన్ ఎండకు మెట్లమీద కళ్లు తిరిగి పడిపోయిన మనిషి. గది చల్లగా ఉండాలన్నాడు డాక్టరు. ఆమె పింఛను ఏసీ కరెంటుకు చాలదు. ఒకరి దగ్గర గిన్నెడు రేగుపళ్లు కూడా ఊరికే పుచ్చుకునే రకమూ కాదు.

రాడోయ్కా సంచితోనే వెళ్లి తలుపు తట్టింది. టీచరమ్మ మెడకు ఉన్ని మఫ్లరు చుట్టుకుని తలుపు తీసింది. లోపల మంచుకొండలా ఉంది.

"రా అమ్మా రా! మీ ఆయన పంపాడా? పాపం, మీ ఇంట్లో వైర్లు ముసలివైపోయాయట కదా. కరెంటు పారకుండా నిలవుంటే కుళ్లిపోతాయట. 'మీ ఏసీ మా ప్లగ్గుకు పెట్టి రోజంతా నడపండి టీచరమ్మా, మా ఇల్లు నిలబెట్టండి' అని చేతులు పట్టుకున్నాడు."

టీచరమ్మ ముప్పై ఏళ్లు చెప్పింది వ్యాకరణం. కరెంటు సంగతి ఆమె బళ్లో వేరే టీచరు చూసుకునేవాడు.

"మీకు చలిగా లేదూ?"

"మొన్నటిదాకా హాయిగానే ఉంది, ప్రాణం లేచొచ్చింది. ఇప్పుడు కాస్త మెడ పట్టింది." టీచరమ్మ గొంతు తగ్గించింది. "అయినా ఆపను. ఇరుగుపొరుగన్నాక ఆ మాత్రం సాయం చెయ్యకపోతే ఎలా? నేను ఓర్చుకుంటున్నానని అతనికి చెప్పకు, బాధపడతాడు."

రాడోయ్కా సంచి కింద పెట్టి, అందులోంచి తన ఉన్ని శాలువా తీసి టీచరమ్మ భుజాలకు కప్పింది. కుర్చీ ఒకటి సరిగ్గా ఏసీ కిందికి లాక్కుని, కాళ్లు చాపుకుని కూర్చుంది.

"ఇంకో రెండు డిగ్రీలు తగ్గించండి టీచరమ్మా," అంది. "పాపం, ఆయన కోసం."