ఏవండీ, ముందు మెయిన్ ఆపండి!

ఏలూరులో ఫారూఖ్ మోటారు వైండింగ్ షాపంటే చేపల చెరువుల రైతులందరికీ గురి. "ఆయన చుట్టిన మోటారు మళ్లీ కాలదండీ" అని చెప్పుకుంటారు. నిజానికి ఆయనకు చూపు మందగించి రెండేళ్లయింది. అప్పటి నుంచి తెర వెనక కూర్చుని రాగితీగ చుడుతున్నది ఆయన కూతురు యాస్మిన్, ఐటీఐ చదివిన పిల్ల. పని ఆమెది, పేరు ఆయనది. ఆడపిల్ల చెయ్యి పడిందని తెలిస్తే రైతులు షాపు గడప తొక్కరని ఫారూఖ్ భయం. ఆ భయం యాస్మిన్‌కు అర్థమయ్యేది. ఒళ్లు కూడా మండేది.

మొన్న ముసురు పట్టిన ఒక పొద్దున పెదపాడు వైపు నుంచి వెంకట్రాజు ఫోన్ చేశాడు. చెరువు నీళ్లకు గాలి పట్టించే ఏరేటర్ ఆగిపోయిందట, గాలి చాలక చేపలు పైకి తేలి నోళ్లు తెరుస్తున్నాయట. ఫారూఖ్ చూస్తే జ్వరంతో మంచం మీద ఉన్నాడు.

"నేను వెళ్తా అబ్బా" అంది యాస్మిన్ తండ్రితో.

"సరే వెళ్లు. ఇది కుదరకపోతే మాత్రం ఇంక బయటి పని మాట ఎత్తకూడదు."

స్కూటీ ఎక్కిన పిల్ల వెనక్కి తిరిగి చూస్తే ఒట్టు.

చెరువు గట్టు మీద షెడ్డులో ఆమెకు ముందు కుర్చీ వేశారు.

"కూర్చో తల్లీ, మజ్జిగ తాగు. మెకానిక్ గారు వెనకాల వస్తున్నారా?" అన్నాడు వెంకట్రాజు.

"నేనే మెకానిక్‌నండీ."

"భలేదానివే! ఇంటికొచ్చిన ఆడపిల్లని బురదలో దింపితే మాకు మర్యాదేనా?" అని భార్య వైపు తిరిగాడు. "కామేశ్వరీ, పిల్లకి ఉప్మా పెట్టు."

అక్కడ చేపలు ప్రాణాలకు కొట్టుకుంటుంటే ఇక్కడ ఉప్మా! మా ఏలూరు వైపు వాళ్ల మర్యాదకు వేళాపాళా ఉండదు. యాస్మిన్ గ్లాసు కింద పెట్టి లేచి గట్టిగా కేకేసింది.

"ఏవండీ! మర్యాదలు తర్వాత చేద్దురుగాని, ముందు మెయిన్ ఆపండి!"

ముప్ఫై ఏళ్లుగా ఇంట్లో ఆ పిలుపు వినగానే లేవడం అలవాటైన మనిషి. వెంకట్రాజు లుంగీ ఎగ్గట్టి ఒక్క పరుగున పోయి స్విచ్చు దించేశాడు. పిలిచిందెవరో అప్పటికిగాని ఆయనకు తట్టలేదు.

"నేననుకున్నారు పాపం!" అంటూ కామేశ్వరి పడీపడీ నవ్వింది.

యాస్మిన్ మోకాలి లోతు నీళ్లలో దిగి, తాడు పట్టి ఏరేటర్‌ను ఒడ్డుకు లాగింది. మూత విప్పితే మూడు వైర్లలో ఒకటి కాలి ఊడిపోయి ఉంది. కాలిన ముక్క కత్తిరించి, కొత్తగా బిగించి, మళ్లీ చెరువులోకి నెట్టింది.

"ఇప్పుడు వెయ్యండి!"

చక్రాలు నీళ్లు చిమ్ముతూ తిరిగాయి. కాసేపటికి చేపలు ఒక్కొక్కటే కిందికి దిగిపోయాయి. వెంకట్రాజు ఆనందం పట్టలేక ఫారూఖ్‌కు ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

"పిల్ల గట్టిదండీ! కానీ నిరుడు మీరు చుట్టిచ్చిన రెండు మోటార్లున్నాయి చూడండి, వాటికి మాత్రం తిరుగులేదు. ఆ పనితనం కూడా నేర్పించండి."

యాస్మిన్ ఫోన్ దగ్గరికి జరిగింది.

"అవి నేను చుట్టినవి కావండీ రాజుగారూ," అన్నాడు ఫారూఖ్. "రెండేళ్లుగా మా షాపులో ప్రతి మోటారూ మా యాస్మిన్ చుట్టిందే. చెప్పడానికి నాకే ధైర్యం చాల్లేదండీ."

యాస్మిన్‌కు సంతోషం ఆగలేదు. బురద చేత్తోనే కళ్లు తుడుచుకుంది. వెంకట్రాజు ఆమెకేసి చూసి ఎగ్గట్టిన లుంగీ కిందికి దించుకున్నాడు.

"పక్క చెరువు మోటారు కూడా రెండ్రోజులుగా మూలుగుతోందండీ. ఒకసారి చూసి వెళ్తారా, యాస్మిన్ గారూ?"