మా బావ ఎడమ కన్ను

మా బావంత అబద్ధాలకోరును నేను బుద్ధెరిగాక చూడలేదు. అంత మంచివాణ్ణీ చూడలేదనుకోండి, అది వేరే సంగతి. ఆయన మా అక్క మొగుడు. బస్టాండు మలుపులో కటింగు షాపు ఆయనది. ఒక కుర్చీ, రెండు అద్దాలు, మూతపడని నోరు. నేను వడ్రంగిని. కొలతలో నూలుపోగంత తేడా వచ్చినా నాకు ఒళ్ళు మండుతుంది.

ఆ రోజు బావ దగ్గర కటింగు చేయించుకుని ఇంటికొచ్చి అద్దంలో చూసుకుంటే ఒక కృతా చెవి మధ్య దాకా ఉంది, రెండోది చెవి తమ్మె దాకా వేలాడుతోంది. స్కేలు పెట్టి కొలిచాను. ముప్పావు అంగుళం తేడా! అదే స్కేలు పట్టుకుని షాపు మీదికి వెళ్ళాను.

"ఏంటి బావా ఇది? ఒక పక్క చూస్తే పెళ్ళికొడుకులా ఉన్నా, ఇంకో పక్క చూస్తే దొంగలా ఉన్నా!"

"నీ తలే వంకర. మీ అక్కదీ అంతే. మీ వంశమే అంత."

నవ్వబోయి ఆగాను. బావ మాట్లాడుతున్నది నాతో కాదు, నా భుజం పక్కనున్న క్యాలెండరుతో. చప్పుడు చేయకుండా ఆయన కుడిపక్కకు జరిగి, చెంప దగ్గర స్కేలు ఊపాను. రెప్ప కదల్లేదు. నా కోపమంతా ఎటు పోయిందో పోయింది.

"కుడి కన్ను ఎప్పుడు పోయింది బావా?"

ఆయన తడుముకుంటూ వెళ్ళి షాపు కుర్చీలో కూర్చున్నాడు. ఆ కుర్చీలో ఆయన కూర్చోగా చూడటం నాకదే మొదటిసారి.

"రెండేళ్ళయింది. కంట్లో నల్ల మరకలు తేలేవి. శుక్లమేలే, ముదిరాక తీయించుకుందాం అనుకున్నా. ముదిరే లోపలే చీకటైపోయింది. ఒక్కణ్ణే ఆసుపత్రికెళ్తే, అది శుక్లం కాదు, షుగరు కంటి లోపలి పొరను పాడుచేసింది, ఇక చేసేదేం లేదన్నారు. రెండోదాన్ని వదిలేయకుండా చూపించుకోమన్నారు. నేను మళ్ళీ వెళ్ళలేదు."

"అక్కకు తెలుసా?"

"చెప్పలేదు. గొంతు మీద కత్తి పెట్టేవాడికి చూపు లేదంటే గడ్డం ఎవడిస్తాడ్రా?" అని, గొంతు తగ్గించి అన్నాడు. "ఎడమదీ అప్పటి నుంచే మసక, చేతి అలవాటుతో నెట్టుకొస్తున్నా. మొన్నటి నుంచి దాంట్లో కూడా పక్కనుంచి నల్లటి తెర దిగుతోంది."

షాపు షట్టరు దించి, ఆయన్నీ అక్కనూ ఆటోలో ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాను. దారిలోనే అక్కకు విషయమంతా చెప్పాను. నోరు తెరిస్తే వీధి వీధంతా వినపడే మా అక్క ఒక్క మాట అనలేదు. నాకు దానికే ఎక్కువ భయమేసింది.

డాక్టరమ్మ చిన్నపిల్లలా ఉంది గానీ మాట నిక్కచ్చి. కంటి వెనక పొర మీద షుగరు వల్ల పిచ్చి రక్తనాళాలు మొలిచాయట, వాటితోపాటు పెరిగిన పీచు ఆ పొరను పట్టి లాగేస్తోందట. గోడకంటించిన కాగితం ఊడొచ్చినట్టు పొర ఊడొస్తోంది.

"నడిమి భాగం ఇంకా ఊడలేదు. సూటి చూపంతా దాంతోనే. రేపే ఆపరేషన్ చేద్దాం. పీచు కోసేసి, లేజరు పెట్టి, పొర అంటుకునేలా లోపల గాలిబుడగ వదులుతాం. ఆ తర్వాత పది రోజులు మొహం కిందికే ఉండాలి. తినేటప్పుడూ, పడుకునేటప్పుడూ కూడా."

"చూపు మొత్తం వస్తుందామ్మా?" అన్నాడు బావ.

"మొత్తం రాదు. వేళ్ళు లెక్కపెట్టగలిగినా గెలిచినట్టే. మాటిచ్చి మోసం చేయలేను పెద్దాయనా."

ఆపరేషన్ అయింది. ఇంటికి తెచ్చాక తొలిరోజే బావ బోర్లా పడుకోలేక నానా యాతన పడ్డాడు. ముక్కు నలుగుతుంది, మెడ పీకుతుంది. నాకు చూడబుద్ధి కాక, షాపులో జనం కూర్చునే పొడుగాటి బల్ల తెచ్చి, ఒక చివర మొహం పట్టేంత కన్నం కోసి, అంచుకు దూది కుట్టించాను. కొలత తీసుకుంటుంటే, "ముప్పావు అంగుళం తేడా రానీకురోయ్!" అన్నాడు. కన్ను పోయేలా ఉన్నా ఆ నోటికి ఏమీ కాలేదు.

పడుకోవడం బాగానే ఉంది. మాట్లాడ్డానికే మనిషి లేక అల్లాడిపోయాడు. నేలనున్న గచ్చుతో ఎంతసేపని మాట్లాడతాడు? పైగా అక్క మూడు రోజులుగా మౌనవ్రతం. నాలుగో రోజు పొద్దున అక్క చాప తెచ్చి బల్ల కింద పరిచింది. దిండేసుకుని, కన్నం కింద వెల్లకిలా పడుకుంది.

"ఏమే, అక్కడేం చేస్తున్నావు?"

"తిట్టాలి. వీపుకేసి తిడితే నాకు తృప్తి ఉండదు. మొహం మీద తిట్టాలి." ఇక మొదలుపెట్టింది! మాత్రలు ఎగ్గొట్టిన రోజులు, దొంగతనంగా తిన్న మిఠాయిలు, ఒక్కడే ఆసుపత్రికెళ్ళిన ఘనకార్యం, ఏదీ వదల్లేదు. బావ బుద్ధిగా ఊకొడుతూ విన్నాడు. తిట్లయిపోయాక స్పూనుతో పైకి అన్నం పెట్టింది. సగం ఆమె మొహం మీదే పడింది. ఇద్దరూ నవ్వారు. నేను అవతలి గదిలోకి వెళ్ళి కళ్ళు తుడుచుకున్నాను. చెప్పుకోడానికి నాకేం సిగ్గు లేదు.

ఆ రోజు నుంచి అక్క పనంతా తెముల్చుకుని బల్ల కిందికి చేరేది. రోజూ అడిగేది, "ఏమన్నా కనపడుతోందా?" అని.

"మసక," అనేవాడు. ఎనిమిదో రోజు కూడా మసకే. తొమ్మిదో రోజు అడగడం మానేసింది.

పదో రోజు నేను గడప దగ్గర కూర్చుని ఉలికి సాన పెడుతున్నాను. కింద అక్క ఏదో సాధిస్తోంది. మధ్యలో బావ అందుకున్నాడు.

"ఏమే, కాస్త పైకి లే."

"ఎందుకు?"

"లేవవే, చెప్తాను."

అక్క మోచేతుల మీద లేచి మొహం కన్నం దగ్గరకు తెచ్చింది.

"పాపిట్లో ఇంత తెలుపు ఎప్పుడొచ్చిందే?"

నా చేతిలో ఉలి కింద పడింది. వేళ్ళు లెక్కపెడితే చాలంది డాక్టరమ్మ, ఈయన వెంట్రుకలు చూస్తున్నాడు! కేకేయబోయి అక్క మొహం చూసి ఆగిపోయాను.

"వచ్చి రెండేళ్ళవుతోంది," అంది అక్క మెల్లగా. "రోజూ నీ ఎదురుగానే దువ్వుకున్నాను కదయ్యా."

అలా అని, ఇన్నాళ్ళూ ఆపుకున్నదంతా ఒక్కసారిగా బయటపడి భోరుమని ఏడ్చింది. మొహం దాచుకోవాలని పక్కకు తిరగబోయింది. బావ బల్ల మీద నుంచి చెయ్యి కిందికి చాచి ఆమె గడ్డం పట్టుకున్నాడు.

"కదలకే. రెండేళ్ళది చూసుకోవాలి నేను."

అక్క కదల్లేదు.